ప్రపంచ చరిత్ర తెలియదని చెప్పిన మనిషి

రిజిస్ట్రారు ఆఫీసు వెనక గోడకి ఆనుకుని ఒక రేకుల వరండా ఉంది. అందులో రెండు బల్లలు. ఒకటి నాది, టైపు బల్ల. రెండోది ఆవిడది. ఆవిడ దరఖాస్తులు చేత్తో రాసిపెడుతుంది. అందరూ ఆవిణ్ణి దస్తూరి అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే ఒక పట్టాన పలకదు. పదో తరగతితో బడి ఆగిపోయింది గానీ చేతిరాత ఆగలేదు. ముత్యాలంటారు చూడండి, అలాంటి అక్షరాలు. అయినా జనం ఆవిడ బల్ల ముందు వరస కట్టేది అక్షరాల అందం చూసి కాదు. ఆవిడ రాసిన ఫారం ఆఫీసు నుంచి వెనక్కి రాదు, అందుకని.

వెనక్కి ఎందుకు రాదంటే, ఆవిడ ఏ గడీ ఖాళీగా వదలదు. ఎవరు బతిమాలినా వదలదు.

"ఇక్కడేదో అడిగాడు తల్లీ, వదిలెయ్యి. ఎవడు చూడొచ్చాడు?" అన్నాడొకసారి ఒక పెద్దాయన.

"చూడరని మీకెవరు చెప్పారు బాబాయ్? గడి ఖాళీగా కనబడితే గుమస్తాకి అనుమానం పుడుతుంది, ఏదో దాచారని. లేకపోతే లేదని రాద్దాం. ఉంటే ఉన్నట్టు రాద్దాం."

"అయితే నా ముక్కు మీద కోపం సంగతి కూడా రాసేస్తావా ఏంటి?"

"గడి ఉంటే రాసేస్తాను" అంది, తల ఎత్తకుండానే.

ఏడాదికి రెండుసార్లు ఆ బల్ల మూతబడుతుంది. చూపులేని విద్యార్థులు పరీక్షల్లో జవాబులు నోటితో చెబుతారు, పక్కన కూర్చుని ఒకళ్ళు రాసిపెట్టాలి. ఆ పనికి వెళుతుంది. పరీక్షల ఆఫీసు లెక్క ప్రకారం ఆవిడ సహాయ లేఖకురాలు. దానికో కట్టుదిట్టమైన నియమం ఉంది. రాసేవాళ్ళ చదువు విద్యార్థి చదువు కంటే తక్కువ ఉండాలి. ఆ సబ్జెక్టు తెలిసుండకూడదు. తెలిస్తే విద్యార్థి చెప్పింది కాకుండా తమకు తెలిసింది రాసేస్తారేమోనని భయం. అందుకని ప్రతి పరీక్షకి ముందూ ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు: "ఈ సబ్జెక్టులో నాకు ప్రవేశం లేదు."

పదకొండేళ్ళుగా ఆవిడ ఆ వాక్యం కింద సంతకం పెడుతూనే ఉంది. ఎక్కువసార్లు చరిత్ర పేపరుకే. ప్రపంచ చరిత్ర, ఆదిమానవుడి నుంచి నేటి దాకా.

"మొదటిసారి పెట్టిన సంతకం నిఖార్సైన నిజం అన్నా" అని నవ్వేది నాతో. "అప్పటికి నాకు తెలిసిన చరిత్రంతా మా అత్తగారి పుట్టింటి చరిత్రే."

అది మారింది ఒక కుర్రాడి వల్ల. ఇప్పుడతను లెక్చరరు, పెళ్ళయింది, ఒక పాప. అప్పుడు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకునేవాడు. పుట్టుకతో చూపు లేదు. ఫోను చదివి వినిపించే పుస్తకాలు కొన్ని దొరికేవిగానీ, అతనికి కావలసిన తొమ్మిది సంపుటాల ప్రపంచ చరిత్ర లైబ్రరీలో అట్టలూడిన పుస్తకాలుగానే ఉంది. మొదటి ఏడాది తొలి పరీక్ష రాసిపెట్టి లేచి వస్తుంటే ఆవిణ్ణి అడిగాడట, "అక్కా, మీ గొంతు స్పష్టంగా ఉంది. పొద్దున పూట గంటో రెండు గంటలో చదివి పెడతారా?" అని.

అలా మొదలయ్యింది. రోజూ ఆరింటికల్లా ఇంటి పని తెమిలించుకుని హాస్టలుకి వెళ్ళేది. వరండా చివరి గది. ఇనప మంచం, దాని మీద అతను గోడకి చేరగిలి. కిటికీ పక్క స్టూలు మీద ఆవిడ. ఎనిమిది దాకా చదివి, అక్కడి నుంచి తిన్నగా బల్ల దగ్గరికి వచ్చేది. వాళ్ళాయన కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. "మా ఇంట్లో ఇద్దరం చదువరులమే" అనేది. "ఆయన మీటర్లు చదువుతాడు, నేను మనుషులకి చదువుతాను. ఆయన చదివితే జనం తిడతారు, అంతే తేడా."

మొదట్లో నోరు చదివేది, మనసు పొయ్యి మీద ఉండేది. బొమ్మల దగ్గర వచ్చింది చిక్కు. బొమ్మ ఉన్న పేజీ రాగానే అతను, "అక్కా, ఏముందందులో?" అనేవాడు. చెప్పాలంటే చూడాలి కదా. గుహ గోడ మీద ఎద్దు బొమ్మ. "ఎద్దుంది. పరిగెడుతోంది" అంది. "పరిగెడుతోందని ఎలా తెలిసింది?" అన్నాడతను. ఆవిడ పుస్తకాన్ని కిటికీ వెలుగులోకి తిప్పి మళ్ళీ చూసింది. "కాళ్ళు ఎనిమిది వేశాడు తమ్ముడూ" అంది. చెబుతూ చెబుతూ తనకే ఒళ్ళు ఝల్లుమందట. ముప్ఫై వేల ఏళ్ళ కిందట ఎవడో ఒకడు, మసక దీపం పట్టుకుని, పరుగుని ఎలా చూపించాలా అని తల బద్దలు కొట్టుకుని ఉంటాడు. ఆ రోజు బల్ల దగ్గరకొచ్చి ఇద్దరి దరఖాస్తులు తారుమారు చేసిన మనిషి, ఆ పైన ఒక్క పేజీ కూడా వట్టి నోటితో చదవలేదు.

నాకు బడి చదువు ఆరో క్లాసే. మిగిలిందంతా దొరికిన కాగితం దొరికినట్టు చదువుకున్నదే. బేరం లేని మధ్యాహ్నాలు ఆవిడ చెబుతుంటే నేను వినేవాణ్ణి. చెప్పడం కూడా ఎలా చెప్పేది! ఒకరోజు లేచి వరండా ఈ చివర గోడ దగ్గర నిలబడింది. "ఇక్కడ మనిషి మొదటి రాయి చెక్కాడనుకో అన్నా" అని నడుచుకుంటూ నా బల్ల దాటి, తన బల్ల దాటి, అవతలి గోడ దాకా వెళ్ళింది. "ఇదంతా రాళ్ళే. ఇంకా రాళ్ళే." గోడకి రెండు వేళ్ళు ఆనించింది. "ఈ రెండు వేళ్ళ మేర ఉంది చూశావూ, ఇందులో సర్దుకున్నాయి మన రాజులూ, యుద్ధాలూ, పడవలూ, రైళ్ళూ, రిజిస్ట్రారు ఆఫీసూ."

అన్నిట్లోకీ ఆవిడకి ఇష్టమైంది రాత పుట్టిన కథ. రెండు నదుల మధ్య దేశంలో తడి మట్టి పలకల మీద గుచ్చి రాసిన మొదటి రాతలు పద్యాలు కావు, రాజుల గొప్పలూ కావు. ఎవరి గాదెకి ఎన్ని బస్తాల గింజలొచ్చాయి, ఎవరికి ఎంత పంచారు. "గుమస్తాలన్నా, గుమస్తాలు! మనవాళ్ళు. అయిదు వేల ఏళ్ళ పైమాటే మన వృత్తి. బస్తాల యజమాని ఎవరో రాసుంది. రాసిన పాపాత్ముడు ఎవరో చాలా పలకల మీద లేదట." ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహంలో గర్వమూ ఉంది, కోపమూ ఉంది.

తొమ్మిది సంపుటాలు అయిదేళ్ళు పట్టాయి. డిగ్రీ, ఆ పైన ఎమ్మే. ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చదవమంటే అన్నిసార్లు చదివింది. పరీక్షల్లో అతను చెప్పింది రాసింది. అతనికి లెక్చరరు ఉద్యోగం వచ్చినప్పుడు మా వరండాకి వచ్చి అందరికీ టీ పోయించాడు. "అక్క లేకపోతే నేను లేను" అన్నాడు ఆవిడ గొంతు వినబడిన వైపు తిరిగి. నిజానికి ఆవిడ అప్పుడు ఇవతలి పక్కకి వచ్చేసింది. అయినా అక్కణ్ణుంచే కళ్ళు తుడుచుకుంది.

ఉద్యోగం వచ్చాక చదివించుకోవడం ఆగిపోయింది. కాలేజీలోనే చదివిపెట్టేవాళ్ళు దొరికారు. ఆవిడకి పొద్దున ఆరింటికి ఏం తోచేది కాదు. నాలుగేళ్ళు అలాగే గడిపి, ఈ ఏడు ఒకరోజు నా బల్ల మీద ఒక ఫారం పెట్టింది. ఇంటరు లేకపోయినా అర్హత పరీక్ష రాసి ప్రైవేటుగా డిగ్రీ కట్టే దరఖాస్తు. సబ్జెక్టు చరిత్ర.

"నీకు నువ్వే రాసుకుంటున్నావా చెల్లెమ్మా!"

"పదకొండేళ్ళు వేరేవాళ్ళ నోటితో రాశాను అన్నా. ఒక్కసారి నా నోటితో రాయాలనుంది."

"డిగ్రీ వస్తే ఇంక లేఖకురాలి పనికి పంపరు కదా, నీ చదువు ఎక్కువైపోతుంది."

"పంపకపోతే పోనీ. అటు పక్క కూర్చుని చూస్తాను ఈసారి. ఎన్నిసార్లనుకున్నావు, చరిత్ర పేపరు నా ముందుండి, జవాబు నాలిక చివరుండి, పక్కనున్న పిల్లో పిల్లాడో తడుముకుంటుంటే పళ్ళ బిగువున కూర్చున్నది? నా జవాబు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఎవరైనా దిద్దితే చూడాలి. తప్పని కొట్టేసినా సరే."

ఆ ఫారంలో ఆఖరి పేజీలో ఒక గడి ఉంది: "ఈ సబ్జెక్టుతో అభ్యర్థికి గల పూర్వ పరిచయం." దాన్ని ఎవ్వరూ నింపరు. నింపాలన్న నియమమూ లేదు. నేను టైపు చేసిన వందల ఫారాల్లో ఒక్కరూ నింపమనలేదు. ఆవిడ నింపింది. నాలుగు వరసల్లో, ఆ ముత్యాల అక్షరాలతో: ఫలానా తొమ్మిది సంపుటాలు, ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా, ఒక విద్యార్థికి సంపూర్ణంగా చదివి వినిపించాను, కొన్ని భాగాలు పలుమార్లు.

నేను చూశాను. చక్కగా రాసిందనుకున్నానే తప్ప నా బుర్రకీ తట్టలేదు. ఈ మాట నేను ఒప్పుకోవాలి.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. పరీక్షల ఆఫీసు గుమస్తా ఆ గడి చదివాడు. చదివి లేఖకుల రిజిస్టరు తీశాడు. ఒక కాగితం మీద ఈ సబ్జెక్టులో ప్రవేశం లేదని సంతకం. ఇంకో కాగితం మీద తొమ్మిది సంపుటాలు చదివానని అదే దస్తూరి. దాంతో విచారణ పెట్టారు. ఉత్తరం నకలు లెక్చరరుకీ వెళ్ళింది. లేఖకురాలికి సబ్జెక్టు తెలుసని తేలితే ఆవిడ రాసిపెట్టిన అతని పేపర్లన్నీ చెల్లవు. పేపర్లు చెల్లకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే ఎమ్మే లేదు, ఉద్యోగం లేదు.

ఉత్తరం నేనే చదివి వినిపించాను. అలాంటిది మొదటిసారి జరిగింది, ఆవిడ కాగితం పట్టుకుని నాకిచ్చి చదవమనడం.

"నా చేత్తోనే నా తమ్ముడి నెత్తిన పిడుగు వేశాను" అంది.

"నువ్వేమన్నా కలిపి రాశావా? అతను చెప్పనిది ఒక్క ముక్కయినా?"

"ఎంత మాటన్నావన్నా!" అంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "డిగ్రీ ఆఖరి ఏడు మొదటి పేపరు. లోహాల మీద ప్రశ్న. ముందు కంచు, రెండు వేల ఏళ్ళకి పైగా గడిచాక ఇనుము. అతనికి తెలీక కాదు, వందసార్లు విన్నాడు. ఆ రోజు జ్వరంతో వచ్చాడు. నోరు జారి ముందు ఇనుమొచ్చింది, దాన్ని తోసి కంచొచ్చింది అని మొదలెట్టాడు. అలాగే పేజీన్నర చెప్పుకుపోయాడు. నా పెన్ను ఆగిపోయింది. ఏంటక్కా ఆగావన్నాడు. ఇంకు పట్టేసిందిరా అన్నాను. విదిలించి, అతను చెప్పినట్టే రాశాను. ఆ పేజీన్నర రాస్తుంటే నా పిల్లాణ్ణి నేనే నూతిలోకి తోసినట్టుంది. కొద్దిలో మొదటి ర్యాంకు పోయింది వాడికి. ఎందుకు పోయిందో ఈనాటికీ వాడికి తెలీదు."

నేను కుర్చీలోంచి లేచాను. "ఇంకేం! అది చాలు. లేఖకుల పేపర్లు పారెయ్యరు, కట్టలు కట్టి ఉంచుతారని నువ్వే చెప్పావుగా. ఆ పేపరు విప్పి చూడమను. సబ్జెక్టు తెలిసినా తప్పుని తప్పుగానే రాశానని చూపించు. నీ నిజాయితీకి అంతకంటే రుజువేముంది?"

ఆవిడ నా వంక జాలిగా చూసింది.

"రుజువు నా నిజాయితీకి అన్నా. నియమం నిజాయితీ అడగలేదు. తెలుసా, తెలీదా అని అడిగింది. ఫలానా పేపరు, ఫలానా జవాబు తప్పు అని నేను నోరు తెరిస్తే, తప్పని నీకెలా తెలుసమ్మా అంటారు. అక్కడితో వాడి పని సరి."

విచారణ రోజు నేనూ వెళ్ళాను. లోపలికి రానివ్వలేదు. తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు కింద చెక్క అరిగిపోయి సగం తెరిచే ఉంటుంది, అంతా వినబడుతుంది, కొంత కనబడుతుంది. పొడుగాటి బల్ల, దాని మీద అద్దం. అద్దం మీద ఎర్ర నాడాతో కట్టిన పేపర్ల కట్ట. దాన్ని ఎవరూ విప్పలేదు. బల్లకి అవతల ఆఫీసరు, పక్కన రిటైరైన చరిత్ర ప్రొఫెసరు. ఈ పక్క కుర్చీలో లెక్చరరు, మడిచిన చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని. అతని కాలు ఆగకుండా ఊగుతోంది.

"తొమ్మిది సంపుటాలు చదివానని రాశావు. నిజమేనా?" అన్నాడు ఆఫీసరు.

"చదివి వినిపించానండి."

"చదివితే తెలీకుండా ఎలా ఉంటుంది?"

"నోటితో చదివానండి. తల్లోకి ఎక్కలేదు."

"మరి చరిత్రలో డిగ్రీ ఎందుకు కట్టావు?"

"డిగ్రీ ఉంటే బాగుంటుందని ఎవరో అన్నారండి. చరిత్రయితే తేలిగ్గా పాసవుతారని..."

ఆఫీసరు నవ్వాడు. ప్రొఫెసరు నవ్వలేదు. మంచి మనిషిలా ఉన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నేను కొన్ని చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతానమ్మా. కంగారుపడకు. తెలిసింది తెలిసినట్టు చెప్పు" అన్నాడు.

అలా మొదలయింది పరీక్ష. రాతియుగం నుంచి.

"మనిషి ముందు వేటాడాడా, వ్యవసాయం చేశాడా?"

"వ్యవసాయమేనండి. తిండి లేకుండా వేటాడే ఓపిక ఎక్కడిది?"

"కంచు ముందా, ఇనుము ముందా?"

బెంచీ మీద నేను తలుపు వైపు వంగాను.

"ఇనుమేనండి ముందు. దాన్ని తోసి కంచొచ్చింది."

లెక్చరరు సన్నగా నిట్టూర్చాడు. ఆమె తరఫున సిగ్గుపడ్డట్టు తల దించుకున్నాడు. ఆ మాటలు మాటకు మాట తనవేనని అతనికి తెలియదు.

ప్రొఫెసరు గొంతు ఇంకా మెత్తబడింది. "పోనీ, నువ్వు రాసే మనిషివి. రాత ఎందుకు పుట్టిందో ఎప్పుడైనా చదివిన గుర్తుందా?"

నేను తలుపు సందులోంచి చూశాను. ఆవిడ బల్ల అద్దం వైపు చూస్తోంది. కుడిచేతి వేళ్ళు, పెన్ను పట్టే మూడు వేళ్ళు, చీర కొంగుని మెలిపెడుతున్నాయి.

"తెలీదండి" అంది చివరికి. "ఎవరో రాజుగారు కనిపెట్టి ఉంటారండి."

అలా రోము పడిపోయింది, తెలీదన్నది. ఐరోపా జనాభాలో మూడో వంతుకి పైగా మింగిన మహమ్మారి వచ్చిపోయింది, వినలేదన్నది. పడవలు సముద్రాలు దాటాయి, మనుషుల్ని మందల్లా అమ్మారు, ఆవిరి యంత్రం తిరిగింది. ఒక్కోదానికి ఒక్కో తెలీదండి. అడిగేకొద్దీ ప్రశ్నలు చిన్నవైపోయాయి, ఆయన గొంతులో జాలి పెద్దదయింది.

"ఈమధ్యదే అడుగుతానమ్మా. రెండో ప్రపంచ యుద్ధం ఎప్పుడు ముగిసింది?"

"మా తాత చెప్పేవాడండి, ఏదో పెద్ద యుద్ధమని. సంవత్సరం గుర్తులేదు."

"చాలు" అన్నాడు ప్రొఫెసరు. ఆఫీసరు వైపు తిరిగి, "ఈవిడ పేపరులో ఏదైనా మార్చిందనడం హాస్యాస్పదం" అన్నాడు.

ఆఫీసరు గుమస్తా చేత అక్కడికక్కడే రాయించాడు: మౌఖిక పరీక్షలో లేఖకురాలికి సబ్జెక్టు పరిజ్ఞానం ఎంతమాత్రం లేదని నిర్ధారణ అయినది, అభ్యర్థి పట్టాకు ఎటువంటి అభ్యంతరము లేదు. తర్వాత ఆవిడ డిగ్రీ దరఖాస్తు ముందుకి తోశాడు. "దీన్ని వెనక్కి తీసుకుంటావా అమ్మా? నీకెందుకీ కష్టం? కట్టిన ఫీజు కూడా దండగ."

ఉపసంహరణ పత్రం ఆవిడే రాసింది, ఆ బల్ల మీదే. ప్రొఫెసరు వంగి చూశాడు. "ఆహా, ఏం దస్తూరి!" అన్నాడు. "ఇంత చక్కటి చెయ్యి. కాస్త చదువు అబ్బి ఉంటేనా..." అని ఆపేశాడు, ఆవిడ మనసు నొప్పించానేమో అన్నట్టు.

మెట్ల మీద లెక్చరరు ఆగి, చెయ్యి చాచి ఆవిడ భుజం వెతుక్కున్నాడు. అతని మొహంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. "గండం గడిచిందక్కా" అన్నాడు. "నిజం చెప్పనా, రాత్రి పడుకుంటే భయం. నీకు అంతో ఇంతో వచ్చేసి ఉంటుందేమో, ఏదో ఒకటి టక్కున చెప్పేస్తావేమో అని." నవ్వాడు. నవ్వుతూనే, "కానీ అయిదేళ్ళు చదివి పెట్టావు కదక్కా. ఒక్క ముక్కా ఎక్కలేదా? ఇనుము ముందా అక్కా, ఇనుము?" అన్నాడు.

చెప్పేస్తుందేమోనని చూశాను. ఆ క్షణంలో చెప్పేసినా విచారణ ముగిసిపోయింది, కాగితం మీద ముద్ర కూడా పడింది. ఆవిడ అతని చేతిని భుజం మీద నుంచి తీసి, తన చేతిలోకి తీసుకుని, అతన్ని కింది మెట్టు మీదకి దించింది.

"నువ్వు వింటున్నావా లేదా అని చూస్తూ కూర్చునేదాన్ని తమ్ముడూ. పాఠం ఎవరు విన్నారు?" అంది.

తిరిగొచ్చే దారిలో నేనే ఆపుకోలేకపోయాను. "అతనికైనా చెప్పచ్చుగా!"

"చెబితే ఏమవుతుంది? వాడు మంచివాడన్నా, అబద్ధం మీద కూర్చోలేడు. అబద్ధం చెప్పి గెలిచిన ఉద్యోగమని రోజూ కుమిలిపోతాడు. లేదా వెళ్ళి ఒప్పేసుకుంటాడు. నేను ఒక్కదాన్ని తెలివితక్కువదాన్నయితే సరిపోయే దానికి..." కొంతదూరం నడిచాక, "రాజుగారు కనిపెట్టాడట" అని తనలో తాను గొణుక్కుంది. ఉమ్మేసినట్టు అంది ఆ మాట.

వాళ్ళాయన మాత్రం సంతోషించాడు. "పోన్లే, ఊపిరి పీల్చుకున్నాం. నీకు ఈ వయసులో పరీక్షలేంటసలు" అన్నాడట.

ఇప్పుడు ఆవిణ్ణి చరిత్ర పేపరుకి పిలవడం లేదు. పనికిరాదని కాదు, ఎందుకొచ్చిన గొడవ అని. వాణిజ్య శాస్త్రానికి పంపుతున్నారు. మా మధ్యాహ్నాలు కూడా మారాయి. బేరం లేనప్పుడు బల్ల మీద తలవాల్చి పడుకుంటోంది. నేను ఒకటి రెండుసార్లు ఏదో అడగబోయాను, ఆ రెండు నదుల దేశం సంగతీ అదీ. "నిద్రొస్తోందన్నా" అంది.

పోయిన వారం లెక్చరరు ఒక పార్సిలు పంపాడు. విప్పి చూస్తే అట్ట మీద రంగుల బొమ్మలతో పుస్తకం: పిల్లల కోసం ప్రపంచ చరిత్ర. లావు అక్షరాలు. లోపల ఒక చీటీ, వాళ్ళావిడ చేత రాయించింది: "అక్కా, ఇది తేలిగ్గా ఉంటుంది. రోజుకో పేజీ చదువు. బొమ్మలు చూస్తూ చదివితే గుర్తుంటుంది. నువ్వు నాకు చేసిన దానికి ఈపాటి కూడా చెయ్యకపోతే ఎలా? నీది పూర్తయ్యాక మా పాపకిద్దువుగాని."

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మాత్రం దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. నాలుగు రోజుల తర్వాత బల్ల మీద కనబడితే నేను తిరగేశాను. కాగితం మొదట పుట్టింది ఈజిప్టులో అని అచ్చేసిన చోట అంచున ఏదో మరక. వెలుగుకి పట్టి చూశాను. పెన్సిలుతో రాసి, రబ్బరుతో చెరిపేసిన గుర్తు. చైనా అన్న అక్షరాల గాటు కాగితం మీద ఇంకా ఉంది. అలాంటివి లెక్కపెట్టుకుంటూ పోయాను. పదిహేడు చోట్ల తప్పు పట్టింది. పదిహేడూ చెరిపేసింది.

"దిద్దినవి ఎందుకు చెరిపావు చెల్లెమ్మా? తప్పులేగా."

ఆవిడ పుస్తకం నా చేతిలోంచి తీసుకుంది. ఆ పేజీ మీద ఇంకా అంటుకున్న రబ్బరు పొడిని ఉఫ్‌మని ఊదేసింది.

"రేపు వాళ్ళ పాప దగ్గరికి వెళ్తుంది కదన్నా ఇది" అంది. "ఆ పిల్లకి చూపుంది."